కొబ్బరిచిప్ప కింద ఎర్రపొడి

నా చిన్నప్పుడు వన్ టౌన్‌లో మా ఇంట తెల్లబట్టన్నది ఎరగం. రేవులో ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్మంతా గాలికి వచ్చి ఆరేసిన చీరల మీదే వాలేది. దాన్ని మా అమ్మ తిట్టని రోజు లేదు.

మా నాన్న ఆ రేవులోనే ఒక కాంట్రాక్టరు దగ్గర ఫిట్టరు. ఖనిజాన్ని ఓడలో పోసే యంత్రానికి బోల్టులు వదులు కాకుండా చూడడం ఆయన పని. నట్టు బిగించాక దాని మీదా, పక్క రేకు మీదా కలిపి తెల్లరంగు గీత గీసేవారు. గీత విరిగిందంటే నట్టు తిరిగిందన్నమాట. ఒక యేడు ఓ బోల్టుకి గీత చెక్కుచెదరలేదు గానీ, అడుగున ఎర్రపొడి కనిపించింది.

"ఈ ఊళ్లో ఎర్రదుమ్ము లేందెక్కడ బావా?" అని తోటి పనివాళ్లంతా నవ్వేశారు. నాన్న నట్టుని శుభ్రంగా తుడిచి, పైనుంచి దుమ్ము పడకుండా కొబ్బరిచిప్ప బోర్లించి కట్టారు. మర్నాడు విప్పితే కింద మళ్లీ పొడి! గాలి తెచ్చింది కాదది. లోపల ఇనుముతో ఇనుము రాసుకుని రాలుతోంది. గీత కదలకపోయినా బిగువు పోయింది. బోల్టు మార్చాలంటే యంత్రం ఆపాలి.

ఆ బోల్టు ఆధారంగానే, అంతెత్తున కూర్చుని యంత్రం నడిపేది మా చిన్నాన్న. అప్పుడే దొరికిన పని, పిన్నికేమో నెలలు నిండుతున్నాయి. యంత్రం ఆపమని నాన్న మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డారు. ఎప్పుడు ఊడుతుందో చెప్పు, అప్పుడు ఆపుతాం అన్నాడాయన. ఊడుతుందని తెలుసు, ఏ రోజో ఎలా చెప్పగలరు? అన్నం కలిపి అలాగే వదిలేసేవారు.

చివరికొక పొద్దున్న చిన్నాన్నని గదిలో పెట్టి తాళం వేసేశారు. "నా పొట్ట కొట్టకు అన్నియ్యా!" అని ఆయన తలుపు బాదుతుంటే, పిన్ని ఏడుస్తుంటే, నాన్న గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. పని పోయింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. చిన్నాన్న మాటలు మానేశారు. మా నాన్నకి పిచ్చెక్కిందని వీధంతా ఒకటే గుసగుసలు. ఓలమ్మా, ఎంత సిగ్గుపడ్డామో!

ఆ తర్వాత ఊడింది. చిన్నాన్న బదులు ఎక్కిన కుర్రాడు బతకలేదు.

చిన్నాన్న పరిగెత్తుకొచ్చి నాన్న కాళ్ల మీద పడిపోయారు. నాన్న కాళ్లు లాక్కున్నారు. "నా తమ్ముణ్ని దాసుకున్నాను. ఆడూ ఎవలికో తమ్ముడే కదరా! ఆ నిచ్చెన కాడ అడ్డంగా ఎందుకు పడుకోలేదు నాను?" అని తల గోడకేసి కొట్టుకున్నారు.

ఇప్పటికీ గాజువాక వెళ్లే షేర్ ఆటోలో చక్రం ఊగుతోందనిపిస్తే నా మానాన నేను దిగిపోలేను. లోపలున్న అందరూ దిగేదాకా అరుస్తూనే ఉంటాను. ముసల్దానికి పిచ్చంటారు. అననీ.