శవపేటికలోకి వేకువ వస్తుందా

రక్తపిశాచుల కార్డుల ఆట ఆడేవాళ్లందరూ ఆమెను వివరాలక్క అనేవారు. ఆటను తయారుచేసింది ఆమె తమ్ముడు. బొమ్మలు అతనివి, మాటలు ఆమెవి. అంతకుముందు పదకొండేళ్లు ఆమె మిక్సీలు చేసే కంపెనీలో సూచనల కాగితాలు రాసింది. మూత బిగించాకే మీట నొక్కాలని రాయకపోతే ఎవరో ఒకరు ముందే నొక్కి తీరుతారని ఆ ఉద్యోగం ఆమెకు నేర్పింది. తమ్ముడి ఆట విషయంలోనూ అదే జాగ్రత్త పాటించింది. రెండు కార్డులు ఒకదానికొకటి అడ్డం పడితే ఏది నెగ్గుతుందని అడుగుతూ రోజూ పది పదిహేను ప్రశ్నలు వచ్చేవి. అన్నిటికీ ఆమే జవాబు రాసి పంపేది. “మనుషుల తగువులు తీర్చేవాళ్లను చూశాను గానీ, దయ్యాల తగువులు తీర్చేదాన్ని నేనే కన్నాను,” అనేది వాళ్లమ్మ, ఇంటికి వచ్చినవాళ్లందరితో, కాస్త గర్వంగానే.

ఆ ఏడు పెద్ద పోటీలో చివరి ఆటకు ఇద్దరు మిగిలారు. ఒకాయన దర్జీ, యాభై దాటినవాడు, మాట తక్కువ. ఇంకొకావిడ బస్సు కండక్టరు, సెలవు పెట్టి మరీ వచ్చింది. అద్దెకు తీసుకున్న హాల్లో వందమందికి పైగా బల్ల చుట్టూ మూగారు. వివరాలక్క నియమాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె వెనకే తమ్ముడు నిలబడ్డాడు.

దర్జీకి ఒక్క పిశాచే మిగిలింది. దానికి రెండు చుక్కల రక్తం ఉంది. దాన్ని ఆయన శవపేటిక కార్డు కింద పెట్టాడు. ఆ కార్డు మీద ఉన్నది ఒకే వాక్యం: ఇందులో పడుకున్న పిశాచికి ఏ దెబ్బా తగలదు. కండక్టరు కాసేపు తన చేతిలోని కార్డులు చూసుకుంది. ఆ తర్వాత వేకువ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వేకువ వస్తే ఆటలో ఉన్న ప్రతి పిశాచీ రెండు చుక్కలు కోల్పోతుంది. ఆమె పిశాచులకూ రెండేసి చుక్కలే ఉన్నాయి. శవపేటిక కాపాడితే దర్జీ గెలిచినట్టు. కాపాడకపోతే ఇద్దరి పిశాచులూ ఎండిపోతాయి, అలాంటప్పుడు కార్డు వేసినవాళ్లదే గెలుపు. తాడో పేడో తేల్చుకోవడానికే ఆమె ఆ కార్డు వేసింది.

దర్జీ తొణకలేదు. తన పిశాచి పేటికలో ఉంది కాబట్టి దానికేమీ కాదన్నాడు. కోల్పోవడం వేరు, దెబ్బ తగలడం వేరు అని కండక్టరు నియమాల పుస్తకంలోని పేజీ నంబరుతో సహా చెప్పింది. దర్జీ చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి వివరాలక్కకు అందించాడు.

అది మూడు నెలల కిందట అక్కాతమ్ముళ్ల ఆట కంపెనీ నుంచి వెళ్లిన జవాబు. శవపేటికలో ఉన్న పిశాచికి వేకువ వల్ల ఏ నష్టమూ ఉండదని అందులో స్పష్టంగా ఉంది. కింద కంపెనీ పేరే గాని మనిషి పేరు లేదు. అయినా మొదటి వాక్యం చదవగానే అది తన రాతేనని ఆమెకు తెలిసిపోయింది.

ఎలా జరిగిందో కూడా వెంటనే అర్థమైంది. మొదటి అచ్చులో వేకువ కార్డు మీద ‘రెండు చుక్కల దెబ్బ తగులుతుంది’ అనే ఉండేది. రెండో అచ్చుకు తమ్ముడు సూర్యుడి బొమ్మ పెద్దది చేశాడు. మాటలకు చోటు చాలక దాన్ని ‘రెండు చుక్కలు కోల్పోతుంది’ అని కుదించాడు. అక్కకు చెప్పడం మరిచిపోయాడు. కానీ ఆ కొత్త కార్డు అప్పటికే ఆమె బల్ల మీదికి వచ్చి ఉంది. జవాబు రాసేముందు ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూస్తే సరిపోయేది. చూడలేదు. జ్ఞాపకం మీద రాసేసింది.

తమ్ముడు వంగి ఆమె చెవి దగ్గర మెల్లగా మాట్లాడాడు. కాగితం మీద సంతకం లేదు, అది మనదో కాదో ఇప్పుడే చెప్పలేమని తప్పించుకోవచ్చు అన్నాడు. ఆమె తల తిప్పలేదు. అయితే చివరి వంతు వెనక్కి తీసుకుని మళ్లీ ఆడించమన్నాడు. ఆమె ఆ మాట పైకి అడిగింది. దర్జీ ఒప్పుకున్నాడు. కండక్టరు మొహం ఎర్రబడింది.

“నా కార్డు ఆయన చూసేశారు కదండీ,” అంది. “వెనక్కి వెళ్తే నా చేతిలో ఏముందో తెలిసిన మనిషితో నేను ఆడాలి. నేనేం తప్పు చేశాను?”

అదీ నిజమే. ఒకాయన తన మాట నమ్మాడు, ఒకావిడ తన పుస్తకం నమ్మింది. రెండూ రాసింది తనే. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి ఆమె లేచి నిలబడింది.

“ఈ జవాబు నేను రాసిందే,” అంది. “తప్పు రాశాను. కార్డు చూడకుండా రాశాను. ఇంకెవరి పొరపాటూ లేదు. కార్డు మీద ఉన్న మాటే చెల్లుతుంది. పేటికలో ఉన్నా రెండు చుక్కలూ పోతాయి. ఆట కండక్టరు గారిది.”

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. దర్జీ తన కార్డులు ఒక్కొక్కటే పేర్చుకున్నాడు, అంచులు సరిచేసుకున్నాడు. ఆమె ఆయన దగ్గరికి వెళ్లి క్షమించమంది.

“మూడు నెలలు ఈ పేటిక మీదే ఆట కట్టుకున్నానమ్మా,” అన్నాడాయన. “గుడ్డ కత్తిరించాక కొలత తప్పని చెబితే నేనేం చేసుకోను?”

ఆయన కాగితం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

అక్కాతమ్ముళ్లు ఇంటికి చేరారు. గుమ్మం దగ్గర తమ్ముడు, తన పేరు ఎందుకు చెప్పలేదని అడిగాడు. చెబితే ఆయన పిశాచి బతికొచ్చేదా అంది ఆమె. ఆ మాట మెత్తగా ఏమీ అనలేదు. వాళ్లమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఏ దయ్యం పట్టిందని అడగబోయి ఊరుకుంది.

మర్నాటి నుంచి ఆమె అప్పటిదాకా పంపిన జవాబులన్నీ తీసి, ప్రతిదానికీ కార్డు ఎదురుగా పెట్టుకుని మళ్లీ చదివింది. ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఐదో రోజు తమ్ముడు ఇంకో కుర్చీ లాక్కుని, పాత అచ్చు కార్డులు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఎక్కడెక్కడ మాటలు మార్చాడో ఒక్కోటీ చూపించాడు. పందొమ్మిది చోట్ల మార్చాడు. దర్జీది కాక, అందులో ఇంకో మూడు చోట్ల ఆమె జవాబులు తప్పాయి. అవి అందుకున్న ముగ్గురికీ పేరుపేరునా రాసింది. దర్జీకీ రాసింది. ఆయన నుంచి బదులు రాలేదు.

తర్వాతి ఏడు పోటీకి ఆయన రాడనే అనుకుంది. వచ్చాడు. ఆమెను చూసి పలకరించలేదు, తల మాత్రం ఆడించాడు. రెండో ఆట మధ్యలో చెయ్యెత్తి ఆమెను పిలిచి, గబ్బిలంగా మారిన పిశాచిని వేటగాడు పట్టుకోగలడా అని అడిగాడు. పట్టుకోగలడని నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు.

“ఒక్క నిమిషం ఉండండి,” అంది. రెండు కార్డులూ బల్ల మీంచి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివింది.

దర్జీ తొందర పెట్టలేదు.