మిల్లు శ్రుతి

మండపేటలో మా ఇల్లు బియ్యం మిల్లు వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. పొద్దుటే మోటారు వేస్తే చీకటి పడేదాకా ఒకటే హోరు. కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆవిడ సంగీత సాధనకి కూర్చుంటే, శ్రుతిపెట్టె చప్పుడు ఆ హోరులో కొట్టుకుపోయేది. ఇల్లు మారదామని నేను, ఇంత తక్కువ అద్దెకి ఎక్కడ దొరుకుతుందని ఆవిడ. చివరికి శ్రుతిపెట్టెని అటకెక్కించి, ఆ మోటారు మోతనే శ్రుతిగా పెట్టుకుని పాడడం మొదలుపెట్టింది. కరెంటు పోతే సాధన కూడా ఆగిపోయేది. నేను ఎంత ఏడిపించినా పట్టించుకునేది కాదు.

ఆవిడకున్న కోరికల్లా ఒక్కటే, రేడియోలో పాడాలని. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఆడిషన్‌కి వెళ్ళింది. స్టూడియోలో తలుపు వేయగానే బయటి చప్పుడంతా ఆగిపోయిందట. పక్కన తంబూరా మోగుతూనే ఉన్నా, కాళ్ళ కింద నేల లేనట్టనిపించి పల్లవిలోనే శ్రుతి తప్పింది. ఇక పాడదేమోనని నాకు భయమేసింది.

రెండోసారి వెళ్ళేముందు మిల్లు హోరుని ఫోన్లో రికార్డు చేసుకుంది. పేరు పిలిచేదాకా వరండాలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఏ మహా విద్వాంసుల కచేరీ వింటున్నారని పక్కవాళ్ళు అడిగారు కూడా. ఈసారి నెగ్గింది.

రేడియో వాళ్ళు రికార్డు చేసుకున్న పాట ప్రసారమయ్యే రోజున నేను మిల్లు ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, ఆ కాసేపూ మోటారు ఆపమని బతిమాలాను. ఆయన ఆపించడమే కాక, పనివాళ్ళందరినీ వెంటబెట్టుకుని మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు. రేడియోలో ఆవిడ గొంతు మొదలైంది. ఇన్నేళ్ళ కాపురంలో హోరు లేకుండా మా ఆవిడ పాట వినడం నాకదే మొదలు. ఇంత బాగా పాడుతుందని నాకు తెలియనే తెలియదు. కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు చూశాను.

ఆవిడ ముఖంలో సంతోషం లేదు. వెనక గోడ వైపు చూస్తోంది.

"ఏవండీ, నేను కాదు, ఇంకెవరో పాడుతున్నట్టుందండి. ఒక్కసారి మోటారు వేయమనరా?"

ఓనరు గారు నా వైపు చూశారు. నేను తలూపాను. ఒకతను వెళ్ళి మోటారు వేశాడు. రేడియోలో పాట ఇంక మాకెవరికీ వినబడలేదు. ఆవిడ మాత్రం తొడ మీద తాళం వేస్తూ, హాయిగా వింటూ కూర్చుంది.