ఆరింటికి మారే తేదీ

శుభాకర్‌ది స్టీల్‌ప్లాంట్‌లో రోలింగ్ మిల్లు కంట్రోల్ రూమ్ డ్యూటీ. మీటలు నొక్కడం కన్నా అతనికి లాగ్‌బుక్ రాయడం ఇష్టం. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత ఉండదు. పదమూడేళ్లుగా, రాత్రి డ్యూటీ పడిన వారాల్లో, పొద్దున్న ఆరు కాగానే పేజీ కింద గీత గీసి, కొత్త పేజీ మీద కొత్త తారీఖు వేసి, వచ్చినవాళ్లకి పుస్తకం అప్పగించి ఇంటికి వస్తాడు. అక్కడ రోజంటే ఆరు నుంచి ఆరు. రాత్రి రెండింటికి మిల్లు ఆగినా అది ముందురోజు పేజీలోకే ఎక్కుతుంది.

కూతురు స్టెఫీ మూడో తరగతి. దాని చదువు మాత్రం భార్య ఆశాజ్యోతిదే. టర్మ్ పరీక్షలు పదిహేను రోజులున్నాయనగా ఆమె బిస్కెట్ల అట్టపెట్టె కత్తిరించి గడియారం చేసింది. ముళ్లకి చీపురుపుల్లలు. కూర కలుపుతూ ఒక ప్రశ్న, బట్టలు ఆరేస్తూ ఒక ప్రశ్న. పగటి నిద్రలో ఆ గొంతులు వింటూ శుభాకర్, నేనూ ఏదో ఒకటి చెప్పాలి అనుకునేవాడు. అనుకుని అటు తిరిగి పడుకునేవాడు.

లెక్కల పరీక్ష రోజు అతను ఏడుంపావుకి కూర్మన్నపాలెంలో ఇల్లు చేరాడు. స్టెఫీ గుమ్మంలో కూర్చుని రఫ్ పుస్తకంలో ఖాళీలు పూరిస్తోంది.

"ఆటో వొచ్చీలోగా ఆ ఖాళీలు ఒకపాలి సూడండి. నాను దాని డబ్బా సర్దుతాను," అంది ఆశాజ్యోతి వంటింట్లోంచి.

బూట్లయినా విప్పకుండా అతను పిల్ల పక్కన కూర్చున్నాడు. ఒకటి సరే, రెండు సరే, ఆరు దాకా అన్నీ సరే. తప్పొకటి దొరికితే బాగుండుననిపించింది. ఏడో ప్రశ్న, కొత్త రోజు ఎన్నింటికి మొదలవుతుందని. రాత్రి పన్నెండు అని రాసి ఉంది.

"ఇది తప్పమ్మా. పొద్దున్న ఆరు."

"అమ్మ పన్నెండని సెప్పింది నాన్నా."

"మీ అమ్మ ఎప్పుడైనా తారీఖు మార్సిందేటి? పదమూడేళ్ల నుంచి నాను మారుస్తన్నాను. పన్నెండింటికి ఎవుడూ మార్సడు. సెరిపీ."

స్టెఫీ అతని ముఖంలోకి చూసింది. తర్వాత రబ్బరు తీసి చెరిపింది. కాగితం కాస్త నలిగింది. దాని మీదే ఆరు అని వేసింది.

"పరీక్షలో ఇదే వస్తే?"

"ఇదే రాసీ."

మధ్యాహ్నం ఒంటిగంటకి అతనికి మెలకువ వచ్చింది. ఏటా డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి చర్చిలో ఆరాధన జరుగుతుంది. పన్నెండు కొట్టగానే అందరూ లేచి నిలబడి కొత్త సంవత్సరానికి ప్రార్థన చేస్తారు. నిరుడు స్టెఫీ అతని భుజం మీద నిద్రపోతుంటే లేపి మరీ నిలబెట్టాడు. అది గుర్తొచ్చాక ఇక పడుకోలేకపోయాడు.

పిల్ల బడినుంచి రాగానే, "ఎలా రాసావమ్మా?" అని మాత్రం అడిగాడు.

"బాగా రాసాను."

ఆ ఏడో ప్రశ్న పరీక్షలో వచ్చిందా అని అడగలేదు. వచ్చినా తల్లి చెప్పిందే రాసి ఉంటుందిలే అనుకున్నాడు. పేపర్లు దిద్ది ఇచ్చేదాకా, పది రోజులు, అలా అనుకుంటూనే గడిపాడు.

పాతికకి ఇరవై నాలుగు వచ్చాయి. పోయిన ఒక్క మార్కు అదే. తప్పు రాసినవాళ్లు సరైన జవాబు యాభైసార్లు రాసుకురావాలని టీచరు చెప్పిందట.

"అట్టముక్క పట్టుకుని పదిహేను రోజులు సెప్పాను. ఏ నిద్దర్లో రాసావే?" అంది ఆశాజ్యోతి.

"మర్సిపోయానమ్మా."

స్టెఫీ తండ్రి వైపు చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్నని అతను తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు. అప్పుడు మాత్రం న్యూస్ పేపరు చేతిలోకి తీసుకున్నాడు. పిల్ల నేలమీద బోర్లా పడుకుని రాస్తోంది. పది అయ్యాయి. ఇరవై అయ్యాయి. వేళ్లు నొప్పెట్టి చెయ్యి విదిలించుకుని మళ్లీ రాసింది. ముప్పై దగ్గర అతను పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

"నాను సెప్పానని అమ్మతో అనలేదేటి?"

"టీచరూ అడిగారు, ఎవరు సెప్పారని. నీ పేరు సెప్తే అందరూ నవ్వుతారు కదా," అంది తలెత్తకుండా.

శుభాకర్ లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. "జ్యోతీ, అది మర్సిపోలేదు. రైటే రాసింది. ఆ పొద్దున్న నానే సెరిపించాను."

ఆశాజ్యోతి చేతిలో గరిటె ఆగింది. "ఆరని సెప్పింది మీరా?"

"ప్లాంటు లెక్క."

"మరి ఇందాక నాను దాన్ని తిడతంటే పేపరు సదువుకుంటన్నారా?"

ఆమె స్టవ్వు తగ్గించి, పిల్ల దగ్గరికి వెళ్లి చెదిరిన జుట్టు వెనక్కి తోసి, మళ్లీ పనిలో పడింది. ఆ పూట అతనితో ఇంకేమీ మాట్లాడలేదు.

"నాన్నా, మరి ప్లాంటులో నువ్వు రాసేది తప్పా?" అంది స్టెఫీ.

"కాదమ్మా. అక్కడ అలాగే రాయాలి. ఇంటికాడ, బళ్లో, నువ్వు రాసిందే రైటు."

"అయితే ఆ రోజే సెప్పొచ్చు కదా."

"సెప్పాల్సింది," అన్నాడతను. యాభై పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. తను రాస్తానని అనలేదు. టీచరు అక్షరాలు గుర్తుపడుతుంది.

తర్వాతి టర్మ్ పరీక్షలకి తన సెలవు రోజుల్లో అతనూ పిల్లని చదివించడానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక స్టెఫీ పుస్తకం తెచ్చి, కిలోమీటరుకి ఎన్ని మీటర్లని అడిగింది.

"వెయ్యి."

పెన్సిలు కాగితం మీద పెట్టబోయి ఆగింది. "ఉండు నాన్నా, అమ్మనీ అడిగొస్తాను."

"అడిగిరా," అన్నాడు శుభాకర్. వెయ్యేనని తెలిసినా, పిల్ల వంటింట్లోంచి తిరిగొచ్చేదాకా పుస్తకం గాలికి మూసుకుపోకుండా వేలు పెట్టి పట్టుకుని కూర్చున్నాడు.