చిన్నమ్మ బాబ్ కట్

మొన్న మా అమ్మాయి కాలేజీలో పాతకాలపు ఫ్యాషన్ల వేడుక ఉందని జుట్టు మెడ దాకా కత్తిరించుకొని వచ్చింది. చెవి పైన రాళ్ల క్లిప్పు పెట్టమని నా ముందు కూర్చుంది. పెట్టి, చెవి పైన వేలితో తడిమి చూశాను. ‘‘ఏందమ్మా, ఏం వెతుకుతున్నవ్?’’ అంది. ఏమీ లేదన్నాను గానీ, ఆ పూటంతా నా చెవుల్లో మిషను చప్పుడు మోగుతూనే ఉంది.

ఎనభైల చివరి మాట. షోలాపూర్‌లో మా ఇంటికీ నేత కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. బాపు, చిన్నాయన మరమగ్గాల మీద తువ్వాళ్లు నేస్తే, చిన్నమ్మ కండెలకు నూలు చుట్టే మిషను దగ్గర కూర్చునేది. ఆమె అమ్మకు సొంత చెల్లెలు, బాపు తమ్ముడికి భార్య. అందుకే నాకు ఆ ఇంట్లో తిట్లూ రెండింతలే, ముద్దులూ రెండింతలే. చిన్నమ్మ జడ మోకాళ్లను తాకేది. ఆ తల దువ్వేసరికి తన ఆదివారం సగం అయిపోతోందని అమ్మ విసుక్కునేది. చిన్నమ్మ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా క్లిప్పులు ఉండేవి. జాతరలో కొన్నవి కొన్ని, చిన్నాయన ఎవరూ చూడకుండా తెచ్చిచ్చినవి కొన్ని. వాటిలో ఊదారంగు పూసలతో ద్రాక్షగుత్తిలాంటిది ఒకటి ఉండేది. దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. బాపు బయటికి వెళ్లాడు. చిన్నమ్మ కార్ఖానా గడప దగ్గర గాలికి కూర్చుంది. నేను ద్రాక్షగుత్తిని తీసి నా పిలక జుట్టుకు పెట్టుకున్నాను. నూనె తల కదా, జారి కండెల మిషను కిందికి దొర్లింది. భయపడుతూనే చెప్పాను. ఆమె తిట్టలేదు, మోకాళ్ల మీద కూర్చుని మిషను కిందికి చెయ్యి చాపింది. జడ భుజం మీదుగా జారి ముందుకు పడింది. స్విచ్చు కట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

కరెంటు వచ్చింది.

చిన్నమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. జడ చిక్కుకొని తల మిషను వైపు ఈడ్చుకుపోతుంటే రెండు చేతులతో ఇనుప కాలు పట్టుకొని, ‘‘దగ్గరికి రాకు. స్విచ్చు ఒత్తు’’ అంది, నీళ్లు తెమ్మన్నంత మామూలు గొంతుతో. స్విచ్చు నా భుజం పక్కనే ఉంది. నా చెయ్యి లేవలేదు. ఎంతసేపో తెలియదు. గోడవతల నుంచి చిన్నాయన పరుగెత్తుకొచ్చి మిషను ఆపి, నూలు కత్తిరించే కత్తెరతో ఆ జడను కోసేశాడు. సగం జడ ఇరుసుకు చుట్టుకునే ఉంది. చెవి పైన అరచేయంత చర్మం లేచిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను బియ్యం డ్రమ్ము వెనక దాక్కున్నాను. ‘‘అసలెందుకు వంగినవే?’’ అని అమ్మ అడగడం వినిపించింది. ‘‘కండె కింద పడ్డదక్కా, తియ్యవోయిన’’ అంది చిన్నమ్మ. నాకు ఊరట కలగాలి కదా, కలగలేదు. ఇక నా సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఎప్పుడు చెబుతుందో అన్న భయం ఆ రోజే మొదలైంది.

అమ్మ సవరం కొనితెచ్చింది. చిన్నమ్మ వద్దంది, అదీ మిషను మీదికే వేలాడుతుందని. గాయం మానాక ఆడవాళ్ల పార్లర్‌కు వెళ్లి, మిగిలిన జుట్టును చెవుల కిందికి సమంగా కత్తిరించుకొని వచ్చింది. వాడకట్టంతా గడపల్లోకి వచ్చి చూసింది. ‘‘ఏందే, మొక్కు తీర్చినవా?’’ అంది పక్కింటామె. ‘‘మిషనుకు మొక్కిన అక్కా. తీసుకున్నది, బస్, అంతే’’ అని లోపలికి వచ్చి అదే మిషను దగ్గర కూర్చుంది. మచ్చ కనిపించకుండా పక్క వెంట్రుకలను దాని మీదికి లాగి క్లిప్పు పెట్టాలి. ‘‘ఇటు రా బిడ్డా, నీ చేతులు సన్నగున్నయి’’ అని ఆ పని నాకు అప్పగించింది. రోజూ పొద్దున బడికి వెళ్లేముందు ఆ నున్నటి మచ్చ నా వేళ్లకు తగిలేది. ఇవాళ అడుగుతుంది అనుకుంటూ పెట్టేదాన్ని. ఒక్కరోజూ అడగలేదు. నాకు పెళ్లయ్యేదాకా, దాదాపు పదేళ్లు, అదే భయంతో పెట్టాను.

ఇంకో పదేళ్లకు, నీలం నగర్‌లో చిన్నమ్మ వాళ్ల కొత్త ఇంట్లో, ఇద్దరం చింతపండు గింజలు తీస్తుండగా నేనే అడిగాను. నేను స్విచ్చు ఒత్తలేదని ఎవరికీ ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా, అని. ఆమె చెయ్యి ఆగలేదు. ‘‘పదేండ్ల పోరివి, నీతోని ఏమైతది? నువ్వు ఉరికొచ్చి నన్ను గుంజుతవేమో, నీ చెయ్యి మిషను తిప్పే పట్టాలో పడతదేమో అని నా పానం పోయింది. నువ్వు కదల్లే. అదే చాలనుకున్న’’ అంది.

ఆ మాట చిన్నప్పుడే అడిగి ఉంటే ఇరవై ఏళ్ల భయం తప్పేది కదా అనుకుంటూ ఉంటాను. కానీ పదేళ్ల పిల్లకు ఇరవై ఏళ్లంటే ఎంతో ఎలా తెలుస్తుంది?