హెక్టిక్ అంటే జ్వరమని చెప్పిన టీచరమ్మ

మా ఇంగ్లీషు టీచరమ్మ మొన్న ఆదివారం పోయారు. బోయిగూడలో ఈ కబురు విననివాళ్ళు లేరు, అయినా నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకోదు.

కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం ఆవిడది. సోమవారం వస్తే పాఠం పక్కన పెట్టి, ఒక ఇంగ్లీషు మాట తీసుకొని దాని పుట్టిల్లు ఎక్కడో చెప్పేవారు. తెలియకపోతే "నాకూ తెలీదమ్మా, వెతికి చెబుతాను" అనేవారు. ఆ మాట అంత హాయిగా అనగల పంతులమ్మను నేను మళ్ళీ చూడలేదు.

ఎనిమిదేళ్ళ కిందట, నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య మొదలైన సోమవారం మా తరగతికి ఐదుగురమే వచ్చాం. ఫౌజు వస్తోందని బయట ఒకటే ఉరుకులు పరుగులు. ఆవిడ బోర్డు మీద హెక్టిక్ అని రాశారు.

"ఇవాళ ఊరంతా ఇలాగే ఉంది కదూ? ఇది మొదట వైద్యుల మాట. క్షయ రోగిని వదలని జ్వరం పేరు. గ్రీకులో అలవాటైపోయినదని అర్థం. బుగ్గలు ఎర్రగా మెరుస్తుంటే చూసేవాళ్ళు సత్తువ అనుకుంటారు. మా చెల్లి విషయంలో నేనూ అలాగే మోసపోయాను."

అంతలో మా నాయన రొప్పుతూ వచ్చాడు. "టీచరమ్మా, పిల్ల పేరు కొట్టేయుండ్రి. కాప్రాల మా బామ్మర్ది ఇంటికి పోతున్నం. ఇగ సదువు బంద్!"

ఆ పల్లెలో ఆడపిల్లలకు బడి లేదు.

"జ్వరంలో ఉన్నవాళ్ళ మాట నేను రిజిస్టర్లో ఎక్కించనండీ," అన్నారావిడ. "క్షేమంగా వెళ్ళి రండి. గొడవ తగ్గాక కూడా ఇదే అంటే అప్పుడు కొట్టేస్తాను."

"నాకేం జ్వరం? మంచిగనే ఉన్న!" అంటూనే నాయన నుదురు తడుముకున్నాడు.

ఆ తొందరలో బండి మీదికి రోలు ఎక్కించి, బియ్యం బస్తా ఇంట్లోనే మరిచాడు మహానుభావుడు. కాప్రాలో అమ్మ పెట్టిన చీవాట్లు ఇంతా అంతా కాదు. వారం తిరిగేసరికి ఊరు సద్దుమణిగింది, మేమూ వెనక్కి వచ్చాం. నా పేరు రిజిస్టర్లో అలాగే ఉంది. నాయన మళ్ళీ ఆ మాటెత్తలేదు. నేనిప్పుడు అదే బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆవిడ రుణం ఎలా తీరుతుంది?

మా చిన్న చెల్లికి ఆరేళ్ళు. దాన్ని బడిలో వేయమని ఏడాదిగా నాయనతో పోట్లాడుతున్నాను. నిన్న టీచరమ్మను సమాధి చేసి ఆయనా నేనూ కలిసే వచ్చాం. ఇవాళ పొద్దున్నే చెల్లి చేయి పట్టుకొని బయలుదేరాడు.

"ఏడికి నాయ్నా?" అన్నాను.

"బడికి. పేరు రాయిస్త."

బడిలో, వరసలో వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నా దరఖాస్తు మీదికి వంగి ఒక్కో అక్షరం నిలిపి నిలిపి రాశాడు. చెల్లి మునివేళ్ళ మీద లేచి బల్ల అంచు పట్టుకుంది.

"ఇందుల నా పేరేది నాయ్నా?"

నాయన వేలు పెట్టి చూపించాడు.