ఒండీనా గొంతు తగ్గించిన రోజు

ఒండీనా మాతోస్ గొంతు గురించి సముద్రతీరపు ఊరు బోకా హికాకోలో ఎవరినడిగినా ముందు చెవులు మూసుకుని, ఆ తర్వాతే జవాబు చెబుతారు. ఊరి టెలిఫోన్ ఆఫీసులో ఏళ్ల తరబడి ట్రంకాల్స్ కలిపిన మనిషి ఆమె. ఆ రోజుల్లో హవానాకు లైను కలపడమంటే కొండవతలి మనిషిని కేకేసి పిలవడం లాంటిదే. వినబడలేదంటే ఇంకాస్త గట్టిగా అరవాలి, అక్కడి విద్యంతా అంతే. ఆఫీసు మూతపడింది గానీ ఆ అరుపు ఆమెతోపాటే ఇంటికొచ్చేసింది. ఉప్పు అందించమన్నా ఇల్లు తగలబడుతున్నట్టే అడిగేది.

ఆమె భర్త ఫాస్తో నోట్లో నాలుక లేని మనిషి. పగలు గడియారాలు బాగుచేసేవాడు, సాయంత్రమైతే అటూ ఇటూ మాట్లాడుకునే హ్యామ్ రేడియో ముందు కూర్చుని ఎక్కడెక్కడి వాళ్లతోనో గుసగుసగా కబుర్లు చెప్పేవాడు. "పక్కనే ఉన్నాను కదే, కాస్త మెల్లగా చెప్పు" అని రోజూ బతిమాలేవాడు. "మెల్లగా చెబితే నీ బుర్రకెక్కేదెప్పుడు?" అని ఆమె ఇంకా పెద్దగా అరిచేది. ఆయన పోయాక ఇంట్లో రేడియో, నిశ్శబ్దం మిగిలాయి. నిశ్శబ్దం ఆమెకు పడదు. అందుకే పరీక్ష రాసి, తన పేరున లైసెన్సు తెచ్చుకుని, ఆయన కుర్చీలోనే కూర్చుంది.

అప్పటినుంచి కొండమీది పల్లె లోస్ హెలెచోస్‌లో రేడియో నడిపే లిబోరియోతో ఆమెకు రోజూ గొడవే. బేస్‌బాల్ మీద గొడవ, బఠానీలు కలిపిన రేషను కాఫీ మీద గొడవ, ఏమీ లేకపోతే నిన్నటి గొడవ మీద గొడవ. తుపాను వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ బుద్ధిగా ఒకరికొకరు కబురందించుకునేవాళ్లు.

ఈసారి తుపాను నేరుగా వాళ్ల తీరం మీదికే వస్తోంది. ఊరికి కరెంటు తీసేశారు, రేడియో బ్యాటరీ మీద నడుస్తోంది. కొండచరియలు విరిగిపడే చోటు కనుక లోస్ హెలెచోస్ జనాన్ని కాఫీ ట్రక్కులో కిందికి దింపాలని ముందే అనుకున్నారు. దారిలో ఒక్కటే వంతెన. మలుపు తిరగగానే చక్రాల కిందికి వచ్చేస్తుంది, వానలో ముందేముందో కనబడదు. "వంతెన బాగుంటే నేనేమీ చెప్పను, పోతేనే చెబుతా. నా నోట మాట రాలేదంటే బయల్దేరిపోండి" అని ఏర్పాటు చేసింది ఒండీనాయే. తన గొంతు అవతలికి చేరకపోవడమనేది ఆమె ఊహకైనా అందని సంగతి.

మధ్యాహ్నం దాటాక మరిది ఎలాదియో నిలువెల్లా తడిసి ఇంట్లోకొచ్చి పడ్డాడు.

"వదినా, వంతెన పోయింది! సగం ఏట్లో కలిసిపోయింది, నా కళ్లతో చూశాను!"

ఒండీనా రేడియో దగ్గరికి ఉరికింది. మైకు అందుకుని మీట నొక్కి, "లిబోరియో!" అని ఒక్క కేక వేసింది. రేడియో దీపం టప్పున ఆరిపోయింది. మీట వదిలితే వెలిగింది. మళ్లీ నొక్కింది, మళ్లీ అరిచింది, మళ్లీ ఆరిపోయింది. వదలగానే లిబోరియో గొంతు మాత్రం శుభ్రంగా వినబడుతోంది.

"జనం ఎక్కుతున్నారు ఒండీనా. డ్రైవరు కాఫీ తాగుతున్నాడు, తాగేసి బయల్దేరతాడు. చెప్పేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు."

చెప్పేదుంది, చెప్పే దారే లేదు. తక్కిన స్టేషన్ల వాళ్లంతా గాలికి భయపడి యాంటెన్నాలు దింపేసుకున్నారు. ఒండీనా కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. యాంటెన్నా తీగ ఊడదీసి, ఫాస్తో నేర్పినట్టు దాని స్థానంలో ఒక బల్బు తగిలించి చూసింది. మీట నొక్కి అరిస్తే అప్పుడూ ఆరిపోయింది, అంటే తప్పు యాంటెన్నాది కాదు. తీగ మళ్లీ తగిలించి, పెరట్లో ఉన్న బ్యాటరీ దగ్గరికి పరుగెత్తి, దాని కొసలను కత్తితో గీకింది. లాభం లేదు. వినడానికి రేడియోకు చిటికెడు కరెంటు చాలు, మాట్లాడాలంటే గంపెడు కావాలి. ఆ గంపెడు ఎక్కడో దారిలోనే ఆగిపోతోంది. వైరు వెంబడి చెయ్యి పెట్టి తడుముతూ పోయింది. గోడ వెనకాల అది పెనంలా కాలుతోంది.

అక్కడ ఫాస్తో వేసిన లావాటి వైరు లేదు. దాని బదులు టెలిఫోను తీగంత సన్నది ఉంది.

"ఎలాదియో! ఇక్కడి వైరేదీ?"

మరిది పైకప్పు వైపు చూపించాడు. "రేకులు ఎగిరిపోకుండా పొద్దున దాంతోనే కట్టాను వదినా. గట్టి తీగ అదొక్కటే కనబడింది. దీనికేదైతేనేం, కరెంటు కరెంటే కదా అని..."

"నీ తెలివి తగలెయ్య! మీ అన్న ప్రాణం పెట్టి వేసిన వైరది!"

"విప్పుకొస్తా, ఉండు." తలుపు తెరిచేసరికి పక్కింటి రేకొకటి ఎగురుతూ వచ్చి ముంగిట్లో దిగబడింది. ఒండీనా అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఇప్పుడు పైకెక్కితే మనిషి దక్కడు.

ఇద్దరూ కలిసి బ్యాటరీని ఈడ్చుకొచ్చి రేడియో పక్కన పెట్టారు. సన్నతీగను తెంచి, పొట్టి ముక్కలు జంటగా మెలేసి కట్టారు. ఆమె మీట నొక్కి "లిబో—" అంది. ఈసారి రెండక్షరాలు బతికాయి. మూడోదానికి ఆరిపోయింది.

"డ్రైవరు తాగేశాడు ఒండీనా," అన్నాడు లిబోరియో అవతలనుంచి. "ఏదో గరగర తప్ప నీ మాట లేదు. పలకడం లేదంటే అంతా బాగుందనే కదా. మంచిది."

ఆ ట్రక్కులో చంటిపిల్లలున్నారు. నడవలేని ముసలమ్మలున్నారు. ఒండీనా ఫాస్తో కుర్చీలో కూలబడింది. మైకు చేతిలో ఉందనీ, వేలు మీట మీదే ఉందనీ మరిచిపోయి, "నేనేం చేసేది ఫాస్తో..." అని గొణిగింది.

దీపం కొంచెం మసకబారింది, అంతే. ఆరలేదు.

ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఎంత గట్టిగా అరిస్తే రేడియో అంత కరెంటు అడుగుతోంది. అడిగినంత ఇవ్వలేక ఈ తీగ చేతులెత్తేస్తోంది. అంటే ఇంతసేపూ తన నోరే తన రేడియో పీక నొక్కింది.

మైకును పెదాలకు ఆనించుకుంది. బతుకులో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా మాట్లాడింది. "లిబోరియో. వంతెన పోయింది. ట్రక్కు ఆపు. నేను ఒండీనాని."

కొంచెంసేపు గరగర. తర్వాత లిబోరియో గొంతు, అనుమానంగా: "ఎవరమ్మా నువ్వు?"

"ఒండీనాని."

"నాకు చెప్పొచ్చావ్. ఒండీనా మాట్లాడితే నా స్పీకరు చిరిగిపోతుంది. పోయినేడాది కూడా ఎవడో ఆకతాయి ఇలాగే దొంగ కబురు చెబితే జనమంతా బురదలో తడిసి ముద్దయ్యారు. లైనొదులు."

ఎలాదియో తల బాదుకున్నాడు. "గట్టిగా కేకెయ్యి వదినా, ఒక్కసారి అరిస్తే నమ్ముతాడు!"

ఆమె గొంతు దాకా వచ్చింది అరుపు. పళ్లు బిగించి దాన్ని మింగింది. మింగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అరిస్తే నమ్ముతాడు గానీ వినడు. వినేలా చెబితే నమ్మడు. మళ్లీ పెదాలు ఆనించి, పసిపిల్లకు జోలపాడినంత మెల్లగా అంది:

"ఒరే సన్నాసీ. కాఫీ తోటలో పుట్టి, మాడిన బఠానీల కషాయం తాగుతూ దాన్ని కాఫీ అని పొగుడుకునే దద్దమ్మవు నువ్వొక్కడివే ఈ దేశంలో. ఆ మాట నీతో రోజూ అనేదాన్ని నేనొక్కదాన్నే. నా రేడియోకి జబ్బు చేసింది, అరిస్తే చస్తుంది. పరుగెత్తు."

అవతల ఏదో దబ్బున పడింది, బహుశా కుర్చీ. లిబోరియో కేకలు దూరందూరంగా పోయాయి. "ఆపండ్రా! ఆపండి! ఒండీనాయే, ఒండీనాయే!"

ఆ తర్వాత చాలాసేపు గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఒండీనా కూర్చోలేక లేచింది, లేవలేక కూర్చుంది. గోళ్లు కొరికింది. ఎలాదియో ఏదో అనబోతే చెయ్యెత్తి నోరు మూయించింది. చివరికి రేడియోలో ఎవరో రొప్పుతున్న చప్పుడు.

"అడ్డదారిన దిగితే ట్రక్కు మలుపు దగ్గర దొరికింది. అడ్డంగా పడుకున్నాను," అన్నాడు లిబోరియో. "ఇరుకైనా పైన రాతి గుహ ఒకటుంది, అందరినీ దాంట్లోకి ఎక్కించేశాం."

ఒండీనా మీట నొక్కి, ఊరికే ఊపిరి వదిలింది.

తుపాను వెళ్లిపోయాక ఏటికి అడ్డంగా తాళ్లు కట్టారు. వాటిని పట్టుకుని మొదట దాటివచ్చింది లిబోరియో. చంకలో అచ్చమైన కాఫీ పొట్లం. ఒండీనా గుమ్మంలోంచే, "బఠానీలు కలపలేదు కదా?" అని అరిస్తే కోళ్లు చెదిరిపోయాయి. పైకప్పు మీద లావాటి వైరు విప్పుతున్న ఎలాదియో ఉలిక్కిపడి రేకు పట్టుకున్నాడు.

"తల్లీ, ఆవేళ మాట్లాడావే, ఆ గొంతుతో నాలుగు ముక్కలు మాట్లాడరాదూ?" అన్నాడు లిబోరియో. "ఎంత బాగుందో తెలుసా?"

ఒండీనా నవ్వబోయి ఆగింది. ఫాస్తో కుర్చీ వైపు చూసింది.

"అడగాల్సినాయన రోజూ అడిగాడు లిబోరియో," అంది. "ఒక్కరోజు కూడా ఆ గొంతు వినిపించలేదు."

ఆ మాట ఎంత మెల్లగా అందంటే, పైనున్న ఎలాదియో వైరు వదిలేసి, "ఏమైంది వదినా?" అని కంగారుగా కిందికి దిగొచ్చాడు.