అక్క మింగిన బిళ్ళలు

రోగిని చూడ్డానికి మావాళ్ళెవరూ చేతులూపుకుంటూ రారు. రొమ్ము కేన్సర్ ఆపరేషనయ్యాక కరెంటు పెట్టించుకోడానికి, అదే, రేడియేషన్‌కి, మా అక్క కొడల అనే ఊరి నుంచి ఒడిశా బరంపురంలో మా ఇంటికొచ్చింది. చుట్టాలంతా నాకు ఫోన్ చేసి అడిగిందొకటే: "ఏటి తెమ్మంతావు మాస్టారూ?"

అసలే సైన్సు మాస్టారిని. అడగడమే ఆలస్యం, పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ ఉంటాయి, వాటికో ఎలక్ట్రాన్ తక్కువ, పక్కవాటి దగ్గర లాక్కుంటూ చివరికి డీఎన్ఏని కూడా దెబ్బతీస్తాయి. యాంటీఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని ఊరుకోబెడతాయి. కాబట్టి హార్లిక్సులొద్దు, విటమిన్ సి, ఇ బిళ్ళలు తెండి అన్నాను. తెచ్చారు. గూడు నిండిపోయింది. అక్క రోజుకి ఆరు మింగేది. "మా తమ్ముడు సెప్పాడంటే అంతే మరి" అని వచ్చినవాళ్ళందరితో అనేది. నాకు భలే గర్వంగా ఉండేది.

మూడు వారాలయ్యాక, నేనూ వెంట వెళ్ళిన రోజు, కరెంటు పెట్టే ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగింది. ఆవిడా తెలుగావిడే. అక్క సంచిలోంచి డబ్బాలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ముఖం మాడిపోయింది.

"మేం కరెంటు పెట్టేదే లోపల ఫ్రీ రాడికల్స్ పుట్టించడానికమ్మా. అవి కేన్సర్ కణాల డీఎన్ఏని తెంపాలి. ఇంతింత మోతాదులో ఇవి మింగితే, ఆ కణాలకీ కాపు కాసినట్టవుతుంది. కూరలూ పళ్ళూ తినండి, తప్పులేదు. ఈ బిళ్ళలు మాత్రం ఇవాళే ఆపెయ్యండి."

ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను, డీఎన్ఏని కాపాడతాయని. ఏ కణంలోని డీఎన్ఏని అని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇప్పటిదాకా పెట్టించుకున్నదంతా వృథాయేనా అని ఎలాగో అడిగాను.

"చెప్పలేమండీ. పనిచేసి ఉండొచ్చు, కొంత తగ్గి ఉండొచ్చు. మిగిలిన రోజులైనా జాగ్రత్తగా ఉండండి" అంది. తర్వాత అక్క వైపు తిరిగింది. "అసలు ఇవి ఎవరు వాడమన్నారమ్మా?"

అక్క నా వైపు చూడనైనా చూడలేదు.

"మా తమ్ముడు సైన్సు మాస్టారమ్మా. ఆడు వద్దనే అన్నాడు. నానే ఇన్లేదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఔనన్నట్టు తలూపాను.